కామన్ తీశాక బ్రాకెట్లో ఏం రావాలి? ఎనిమిదో తరగతి కారణాంక విభజన గురించి కొంచెం వివరంగా

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. మీ బాబు 6య² + 6య ఇస్తే 6య(య + 0) అని రాస్తున్నాడు, పవర్లు వేరువేరుగా ఉంటే పెద్ద పవర్ బయటికి తెస్తున్నాడు, 12య + 18క ని 2(6య + 9క) అని రాస్తే స్కూల్లో మార్కు కట్ చేశారు, గుణిస్తే కరెక్టుగానే వస్తోంది కదా మరి తప్పెలా అయింది అని మీ డౌటు. చివర్లో అసలిది ఎక్కడ పనికొస్తుందని వాడు అడిగితే మీరేం చెప్పలేకపోయారని కూడా రాశారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇప్పటికీ సాయంత్రాలు కాలనీ పిల్లలు వస్తుంటారు, ఈ నాలుగూ ప్రతి సంవత్సరం వినే ప్రశ్నలే కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

ముందు ఒక్క మాట, ఫోన్లో మాటిమాటికీ కీబోర్డు మార్చే ఓపిక నాకు లేదు, అందుకని ఎక్స్ ఉండాల్సిన చోట య, వై ఉండాల్సిన చోట క అని రాస్తున్నా. ఇదేం వింత కాదు లెండి, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అనేవాడు, దాన్ని పొట్టిగా యా అని రాసేవాడు, రెండో తెలియని రాశి వస్తే కాలకం అంటే నలుపు, దానికి కా, తర్వాత నీలకానికి నీ, ఇలా రంగుల పేర్లతో నడిచేది. నేను దీర్ఘాలు తీసేశానంతే.

ఇక అసలు విషయం. ముందు మీ బాబు బ్రాకెట్లో రాసే ఆ సున్నా సంగతి చూద్దాం. బ్రాకెట్లో ఏం రాయాలని వచ్చేసరికి వాడు తీసివేతలో ఆలోచిస్తున్నాడు, అక్కడ జరగాల్సింది భాగహారం. 6యలోంచి 6య తీసేస్తే సున్నా, నిజమే. 6యని 6యతో భాగిస్తే 1. వాడి బుర్రలో మొదటిది నడుస్తోంది, కాగితం మీద రెండోది కావాలి. మనం కూడా క్లాసులో 'కామన్ బయటికి తీసెయ్యి' అని గబగబా చెప్పేస్తాం కాబట్టి వాడి తప్పు కూడా పూర్తిగా కాదు.

దీనికి '0 కాదురా 1 రాయి' అని రూల్ చెప్తే వారం గుర్తుంటుంది, మళ్ళీ మామూలే. అందుకే నేను య, క జోలికి వెళ్ళకుండా ముందు అంకెలతో మొదలుపెడతా. 37×48 + 37×52 ఎంత అని అడగండి. రెండు గుణకారాలు విడివిడిగా చేసి కూడతాడు, చెయ్యనివ్వండి. 1776, 1924, మొత్తం 3700. అప్పుడు, 37లు మొదట 48, తర్వాత ఇంకో 52, మొత్తం ఎన్ని 37లు అని అడగండి. వంద అంటాడు. 37×(48 + 52) = 37×100, పెన్ను కూడా అక్కర్లేదు. విభాగ న్యాయం అని ఆరో తరగతిలోనే చదివి ఉంటాడు, దాన్ని కుడి నుంచి ఎడమకి చదవడమే కారణాంక విభజన. తర్వాత 37×99 + 37 ఇవ్వండి. ఇక్కడ రెండో చోట ఉన్న 37 ఎన్ని 37లు? ఒకటి. సున్నా అని ఏ పిల్లాడూ అనడు! 37×(99 + 1) అని వాడే రాస్తాడు, ఆ వెంటనే 6య² + 6య మళ్ళీ ముందు పెట్టండి.

ఇప్పుడు రాయించాల్సిన పద్ధతి ఇది.

6య² ÷ 6య = య
6య ÷ 6య = 1
కాబట్టి 6య² + 6య = 6య(య + 1)

ఈ భాగహారం లైన్లు రఫ్‌లో కాదు, ఫెయిర్‌లోనే రాయించండి, టర్ముకో లైను. టైం వేస్టని వాడు గొణుగుతాడు, గొణగనివ్వండి, చెయ్యి అలవాటు పడ్డాక తనంతట తనే మానేస్తాడు, అప్పటికి బ్రాకెట్లో సున్నాలు కూడా పోయుంటాయి. ఇంకో చిన్న గుర్తు చెప్పండి, మొదట ఎన్ని టర్ములుంటే బ్రాకెట్లో కూడా అన్నే ఉండాలి. రెండు టర్ములు ఇస్తే బ్రాకెట్లో ఒక్కటే కనబడుతోందంటే ఎక్కడో ఒక 1 మాయమైందని అర్థం.

పవర్ల సంగతి. య⁵ + య² అంటే వాడు య⁵ కామన్ అంటున్నాడు, ఎందుకంటే గరిష్ఠ సామాన్య భాజకంలో 'గరిష్ఠ' ఉంది కదా, పెద్దది తీసుకోవాలేమో అని. గసాభా, కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) రెండూ కలగలిపేసుకున్నాడన్నమాట, కసాగులో అయితే పెద్ద పవరే తీసుకుంటాం. ఇక్కడ కూడా 'చిన్న పవర్ తీసుకో' అని వీడియోల్లో చెప్పే షార్ట్‌కట్ నేర్పకండి, కనీసం మొదట్లో వద్దు. విడగొట్టి రాయమనండి. య⁵ అంటే య·య·య·య·య. య² అంటే య·య. రెండింట్లోనూ ఉన్న యలు ఎన్ని? రెండే. మూడో య రెండో టర్ములో లేనే లేదు, లేనిదాంతో ఎలా భాగిస్తాడు? య² ÷ య⁵ చెయ్యమంటే భిన్నం వస్తుంది, అక్కడే వాడికి తెలిసిపోతుంది. య²(య³ + 1), ఇక్కడ కూడా ఆ 1 ఉంది చూడండి.

ఒక పెద్దది పూర్తిగా చేసి చూపిస్తా, పరీక్షలో వచ్చేవి ఇలాగే ఉంటాయి.

24య³క² − 36య²క³ + 60య²క²

ముందు అంకెలు. 24 = 2×2×2×3, 36 = 2×2×3×3, 60 = 2×2×3×5. మూడింట్లోనూ ఉన్నవి రెండు 2లు, ఒక 3, అంటే 12. తర్వాత య, మూడు టర్ముల్లో వరసగా మూడు, రెండు, రెండు ఉన్నాయి, కామన్ రెండు. క, రెండు, మూడు, రెండు, కామన్ రెండు. కాబట్టి గసాభా 12య²క². ఇప్పుడు భాగహారం.

24య³క² ÷ 12య²క² = 2య
−36య²క³ ÷ 12య²క² = −3క
60య²క² ÷ 12య²క² = 5

జవాబు 12య²క²(2య − 3క + 5).

అంకెలు పెద్దవైతే ప్రధాన కారణాంకాలు రాయడం విసుగు. 84, 126 ఇస్తే 126 − 84 = 42, ఆ 42తో 84 నిశ్శేషంగా పోతుంది, అయితే గసాభా 42. పెద్దదాన్ని చిన్నదాంతో భాగించు, శేషంతో మళ్ళీ చిన్నదాన్ని భాగించు, శేషం సున్నా అయ్యేదాకా ఇదే. 2000 ఏళ్ళకి పైగా వాడుతున్న పద్ధతి, యూక్లిడ్ రాసి పెట్టాడు. ఆర్యభటుడి కుట్టకం అనే పద్ధతిలో కూడా మొదటి పని ఈ వరస భాగహారమే, అయితే ఆయన అక్కడితో ఆగకుండా సమీకరణం దాకా తీసుకెళ్ళాడు.

ఇప్పుడు మీ బాధకి వద్దాం, మార్కు ఎందుకు కోశారు? 2(6య + 9క) తప్పు కాదు, అసంపూర్తి. ప్రశ్నలో పూర్తిగా కారణాంకాలుగా విడదీయమని ఉంటే పని సగంలో ఆపాడు, 6, 9 రెండూ ఇంకా 3తో పోతాయి. పూర్తి జవాబు 6(2య + 3క). నేనైతే అర మార్కు వేసేవాణ్ణి, అది దిద్దేవాళ్ళ ఇష్టం. అయితే దీనికోసం వాడు మొత్తం కొట్టేసి మొదట్నుంచీ చెయ్యక్కర్లేదు, బ్రాకెట్లోంచి ఇంకో 3 తీసి బయటి 2తో గుణిస్తే చాలు, 2×3(2య + 3క). ఒక్క దెబ్బకి గసాభా దొరక్కపోతే రెండు మూడు విడతల్లో తీసుకోవడంలో నామోషీ ఏం లేదు, నేను కూడా పెద్ద అంకెలకి అలాగే చేస్తా.

ఇక్కడ చెకింగ్ గురించి చెప్పాలి, ఇది చాలామంది టీచర్లు కూడా పట్టించుకోరు. జవాబు సరిచూసుకోడానికి రెండు వేరే ప్రశ్నలున్నాయి. ఒకటి, సమానమేనా. రెండు, ఇంకా ఏమైనా మిగిలిందా. గుణించి చూస్తే మొదటిదానికే సమాధానం వస్తుంది, 2(6య + 9క) ఆ పరీక్ష హాయిగా పాసవుతుంది. రెండోదానికి మళ్ళీ బ్రాకెట్ లోపలికి చూడాల్సిందే, వేరే దారి లేదు.

మొదటిదానికి గుణించే బదులు య, కలకి అంకెలు వేసి చూడటం ఇంకా త్వరగా అవుతుంది, కానీ ఏ అంకె వేస్తున్నాడో చూడండి, పిల్లలు ఈజీ అని 0 గానీ 1 గానీ వేస్తారు. 0 వేస్తే బయట ఏ య ఉన్నా అంతా సున్నాయే, తప్పు జవాబు కూడా ఒప్పైపోతుంది. 1 వేస్తే పవర్ల తప్పులు దొరకవు, ఎందుకంటే 1కి ఎన్ని పవర్లు వేసినా 1. ఉదాహరణకి య⁵ + య² ని య²(య² + 1) అని తప్పు రాశాడనుకోండి, య = 1 వేస్తే అటు 2 ఇటు 2, సరిపోయింది అనుకుంటాడు. య = 2 వేస్తే అటు 32 + 4 = 36, ఇటు 4×5 = 20, దొరికాడు. 2, 3 లాంటివి వెయ్యమనండి. మీ వాడి 6య(య + 0) కి కూడా య = 2 వేయించండి, అసలుది 24 + 12 = 36, వాడిది 12×2 = 24. నేను వంద సార్లు చెప్పేదానికంటే ఈ 36, 24 వాడి కళ్ళతో చూస్తే దిగుతుంది.

మైనస్ గుర్తులు వచ్చే చోట ఇంకో తిరకాసు. −8య² + 20య − 4 లాంటివి మొదటి టర్మే మైనస్ అయితే మైనస్ కూడా కలిపి బయటికి తీయడం అలవాటు. −4తో భాగిస్తే 2య², −5య, +1. జవాబు −4(2య² − 5య + 1). లోపల ప్రతి గుర్తూ తిరగబడాలి, పిల్లలు మొదటిదొక్కటి మార్చి మిగతావి అలాగే వదిలేస్తారు. మళ్ళీ అదే మందు, టర్ముకో భాగహారం లైను రాస్తే గుర్తు దానంతటదే వస్తుంది.

తర్వాత చాప్టర్లో బ్రాకెట్టే కామన్‌గా వచ్చేవి ఉంటాయి, 3య(2క − 5) + 7(2క − 5). ఇక్కడ టర్ములు రెండే, 3య(2క − 5) ఒకటి, 7(2క − 5) ఇంకోటి. (2క − 5)ని కాసేపు గ అనుకోమనండి, 3యగ + 7గ, అది గ(3య + 7), అంటే (2క − 5)(3య + 7). రెండు సార్లు కనబడింది కదా అని (2క − 5)² అని రాసే మహానుభావులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్ళని 37×48 + 37×52లో 37 స్క్వేర్ వచ్చిందా అని అడిగితే చాలు.

దీని తమ్ముడు 5(య − 3) + 2క(3 − య). చూడ్డానికి కామన్ లేదు, కానీ 3 − య అంటే −(య − 3) కదా, కాబట్టి 5(య − 3) − 2క(య − 3) = (య − 3)(5 − 2క).

నాలుగు టర్ములిచ్చి నాలుగింటికీ ఏమీ కామన్ లేకపోతే జతలు కట్టాలి. 10యక + 4య − 15క − 6. మొదటి రెండింట్లో 2య, 2య(5క + 2). రెండో జతలో −3 తీస్తే −3(5క + 2). ఇప్పుడు (5క + 2)(2య − 3). రెండో జతలో మైనస్ లేకుండా 3 తీస్తే లోపల (−5క − 2) వస్తుంది, రెండు బ్రాకెట్లూ కలవవు, పిల్లాడు ఇక రాదనుకుని వదిలేస్తాడు. బ్రాకెట్లు గుర్తుల తేడాతో మాత్రమే కలవట్లేదంటే మైనస్ మర్చిపోయాడని అర్థం. అస్సలు పోలికే లేకపోతే జతలు మార్చి చూడాలి. ఇంకోటి, కొన్నిటికి నిజంగానే కామన్ ఉండదు, 7య + 5క కి ఏం చేస్తాం, ఏం చెయ్యం, అలాగే వదిలెయ్యాలి. లెక్క ఇచ్చారు కాబట్టి ఏదో ఒకటి తీయాలి అనే భయంతో లేని కామన్ పుట్టిస్తుంటారు.

ఇక ఎక్కడ పనికొస్తుంది అన్నదానికి. మన ఊళ్ళల్లో వడ్డీ లెక్క తీసుకోండి. లక్ష రూపాయలు రెండ్రూపాయల వడ్డీకి ఇచ్చారు, అంటే నెలకి వందకి రెండు, 10 నెలలకి వందకి 20. తిరిగొచ్చేది అసలు + అసలులో వందకి 20 వంతు. అసలు కామన్ తీస్తే అసలు(1 + 20/100), అంటే అసలు × 1.2, లక్షా ఇరవై వేలు. అసలు మూడు లక్షలైతే మూడు లక్షల అరవై వేలు, యాభై వేలైతే అరవై వేలు, బ్రాకెట్ ఒకసారి లెక్కేస్తే ఎంతమందికైనా అదే. అందులో ఉన్న ఆ 1 ఏంటో బాబుని అడగండి, అదే అసలు తిరిగి రావడం. అక్కడ 0 రాస్తే వడ్డీ మాత్రమే వస్తుంది, ఇచ్చిన లక్ష గోవిందా!

క్షేత్రమితిలో ఇంకో ఉదాహరణ. వ్యాసార్ధం 7, ఎత్తు 13 సెంటీమీటర్లున్న మూత డబ్బా మొత్తం తలం వైశాల్యం. π ని 22/7 అనుకుంటే అంచు చుట్టుకొలత 44, చుట్టూ ఉన్న గోడ 44×13, పైనా కిందా రెండు మూతలూ కలిపితే 44×7. విడిగా చేస్తే 572 + 308, కామన్ తీస్తే 44×20 = 880. పుస్తకంలో సంపూర్ణతల వైశాల్యానికి ఇచ్చే ఫార్ములా ఇలా కామన్ తీసి రాసిందే, పిల్లలు అది వేరే ఫార్ములా అనుకుని బట్టీ పడతారు.

వాడికి ఆటలా ఉండాలంటే ఇది చూపించండి. ఏదైనా రెండంకెల సంఖ్య, తిరగేసి కూడమనండి, వచ్చింది 11తో తప్పకుండా పోతుంది. 47 + 74 = 121. ఎందుకు? పదుల అంకె ప, ఒకట్ల అంకె ఒ అనుకుంటే 10ప + ఒ + 10ఒ + ప = 11ప + 11ఒ = 11(ప + ఒ). 11 బయటికొచ్చి కూర్చుంది కాబట్టి ఏ సంఖ్యకైనా పోవాల్సిందే.

ఇది రాకపోతే పై తరగతుల్లో వచ్చే ఇబ్బంది కూడా చెప్తా, ఎందుకంటే అక్కడ దెబ్బ గట్టిగా తగులుతుంది. పైన 6య + 9, కింద 3 ఉంటే 6ని 3తో కొట్టేసి 2య + 9 అని రాసే పిల్లలు ఇంటర్లో కూడా ఉన్నారు. 3(2య + 3) అని రాశాకే 3, 3 కొట్టేయాలి, వచ్చేది 2య + 3. మొత్తానికి కామన్ అయితేనే కొట్టేసే హక్కు. పదో తరగతిలో 5య² = 15య అని వస్తుంది, రెండు వైపులా 5యతో కొట్టేసి య = 3 అంటారు, సగం జవాబు పోయింది. ఒక పక్కకి తెచ్చి 5య² − 15య = 0, 5య(య − 3) = 0, కాబట్టి య = 0 గానీ య = 3 గానీ. ఫిజిక్స్‌లో సెకనుకి 20 మీటర్ల వేగంతో బంతి పైకి విసిరితే, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, ట సెకన్లకి ఎత్తు 20ట − 5ట². కామన్ తీస్తే 5ట(4 − ట). ఎత్తు సున్నా ఎప్పుడు? ట = 0 అప్పుడు, అంటే విసిరిన క్షణం, ట = 4 అప్పుడు, అంటే కిందపడిన క్షణం. లెక్క లేకుండానే చూడగానే చెప్పేయొచ్చు. వర్గ సమాసాలు విడదీసేటప్పుడు కూడా ముందు కామన్ చూసుకోవాలి, 3య² − 27 చూసి సూత్రం ఏది వాడాలా అని జుట్టు పీక్కుంటారు, 3(య² − 9) అని రాస్తే 3(య − 3)(య + 3) ఎదురుగా ఉంటుంది.

ప్రాక్టీసుకి గైడ్లు కొనకండి. రాత్రి వాడితోనే బ్రాకెట్లు రాయించి గుణించమనండి, ఉదాహరణకి 4యక(3య − క + 1). వచ్చినవాటిని మాత్రమే వేరే కాగితం మీద దించుకుని మర్నాడు వాడికే లెక్కలుగా ఇవ్వండి, జవాబులు నిన్నటి పేజీలో ఉన్నాయి కాబట్టి మీకు లెక్కలు రాకపోయినా దిద్దొచ్చు. రోజుకి నాలుగైదు చాలు.

ప్రస్తుతానికి ఈ మూడు చేయించండి. 45య²క − 75యక². −14య³ + 21య² − 7య. చివరిది కావాలనే జతలు కలగాపులగం చేసిచ్చాను, 6యక − 20 + 8య − 15క. మొదటిది 15యక(3య − 5క), రెండోది −7య(2య² − 3య + 1), మూడోది (2య − 5)(3క + 4) రావాలి. ఎక్కడైనా ఆగిపోతే వాడు రాసిన పేజీ ఫోటో తీసి పెట్టండి, జవాబు ఒక్కటే కాకుండా మధ్యలో భాగహారం లైన్లు కూడా కనబడేలా.